కాలు ఎత్తకుండా గేరు మార్చిన బండి

నలభై ఏళ్ళకు పైగా అమలాపురంలో బండ్లకు వైరింగు పని చేశాను. లారీలు, ట్రాక్టర్లు, స్కూలు బస్సులు, రొయ్యల చెరువుల మీద జనరేటర్లు, పెళ్ళిళ్ళ సీజన్‌లో వ్యాన్లకు రంగు లైట్లు. షాపు మూసేసి కొంతకాలమైంది. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు సాయంత్రాలు మా అరుగు మీద చేరి "ఏం నేర్చుకోవాలండీ?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పేసరికి నోరు నొప్పెడుతోంది. పైగా చెప్పిందే చెబుతున్నానని మా ఆవిడ లోపల్నించి నవ్వుతోంది. అందుకని రాసిపెడుతున్నాను.

షాపు ఎలా పెట్టాలి, గిరాకీ ఎలా పెంచుకోవాలి లాంటివి ఇందులో ఉండవు. అవి నాకూ సరిగ్గా తెలీవు. ఉన్నదల్లా మా గురువుగారు నేర్పిన ఒక్క ముక్క, ఆ తర్వాత నా చివరి పని. ఆ చివరి పని తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను. జీవితమంతా ఆగిపోయిన ఇంజన్లను నడిపించిన వాణ్ణి. ఆఖర్న ఒకావిడ వచ్చి, బ్రహ్మాండంగా నడుస్తున్న ఇంజన్‌ని రెప్పపాటు ఆపిపెట్టమంది. అలా ఆపితేనే బండి ఇంకా జోరుగా పోతుందట!

పోయే కరెంటు, తిరిగొచ్చే కరెంటు

మా గురువు సూర్నారాయణ గారు. మనిషి చిన్న, నోరు పెద్ద. ఆయన చేతిలో బాగుపడని బండి లేదు, ఆయన చేత తిట్లు తినని మనిషీ లేడు. అయితే పని నేర్పడం మాత్రం ఆయనకు చేతకాదు. పక్కన నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే. ఏదైనా అడిగితే "దేవుడు కళ్ళిచ్చింది ఎందుకురా?" అనేవారు. ఇలాంటి గురువుల్ని ఇప్పుడు చాలామంది తెగ పొగుడుతుంటారు. నేను పొగడను. ఆయన నోరు విప్పి చెప్పి ఉంటే, నాకు మూడేళ్ళు పట్టిన చదువు ఒక్క ఏడాదిలో అయిపోయేది. మీ దగ్గరికి ఎవరైనా నేర్చుకోవడానికి వస్తే దయచేసి నోటితో చెప్పండి.

ఆయన నోరు విప్పి చెప్పింది ఒక్కసారే. రాజోలు నించి ఒక వ్యాను వచ్చింది. బ్రేకు తొక్కితే వెనక ఎడమవైపు ఇండికేటరు వెలుగుతోంది. వెనకొచ్చేవాడు బండి ఎడమకి తిరుగుతోందనుకుని కుడిపక్క నించి దూసుకుపోతున్నాడు. అదృష్టం బాగుండి ఎవరికీ తగల్లేదు గానీ, ఓనరు బెంబేలెత్తిపోయి తీసుకొచ్చాడు. నేను బల్బులు మార్చాను. స్విచ్చు మార్చాను. ఫ్లాషరు మార్చాను. బ్రేకు తొక్కితే మళ్ళీ ఇండికేటరే వెలిగింది! వ్యానుకి దెయ్యం పట్టిందని నేను దాదాపు నమ్మేశాను.

గురువుగారు వచ్చి, లైటు వెనకాల ఉన్న బోల్టు ఒకటి విప్పారు. ఎమెరీ కాగితంతో దాని చుట్టూ తుప్పు గీకారు. కాస్త గ్రీజు రాసి బిగించారు. దెయ్యం వదిలిపోయింది.

"కరెంటు ఎలా పోతోందో అందరూ చూస్తార్రా. ఎలా తిరిగొస్తోందో ఒక్కడూ చూడడు. మన గాలిలో ఉప్పుంది. ఆ ఉప్పు ముందు తినేది తిరిగొచ్చే దారినే" అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బ్యాటరీలోంచి వైరు మీద బయల్దేరిన కరెంటు, బల్బు వెలిగించాక బండి ఇనుప శరీరం మీదుగా బ్యాటరీకి తిరిగి రావాలి. దాన్నే ఎర్త్ అంటాం. ఆ దారి తుప్పు పడితే కరెంటు వేరే సందులు వెతుక్కుంటుంది, అక్కర్లేని లైట్లు వెలిగిస్తుంది. మా కోనసీమలో సముద్రం గాలి తగలని బోల్టు ఉండదు. నేను బాగుచేసిన బళ్ళలో సగానికి సగం రోగం ఎర్త్ దగ్గరే. కొత్త సామాను కొనిపించే ముందు పాత బోల్టు గీకి చూడండి. మీ మీద జనానికి నమ్మకం దానితోనే వస్తుంది.

ఎడమ సీటు మనిషి

షాపు ఖాళీ చేస్తున్న రోజుల్లో వచ్చింది నాగమణి. కొత్తపేటలో ఆవిడకి డ్రైవింగు స్కూలు ఉంది. వయసు నలభైకి దగ్గర. చిన్నప్పటి నించీ నన్ను ఎరుగును, వాళ్ళ స్కూలు కార్లకు వైరింగు నాదే.

"ఆయ్, బాబాయ్ గారూ, షాపు మూసేస్తున్నారంట కదండీ. నా పని ఒక్కటి చేసేసి మూసేద్దురు గానండి" అంది.

బయట నిలబెట్టిన కారు చూసి నవ్వొచ్చింది. అది వాళ్ళ స్కూల్లో నించి రిటైరైన పాత కారు. కొత్తపేట చుట్టుపక్కల సగం మంది దాని మీదే స్టీరింగు పట్టడం నేర్చుకున్నారు. అది గుద్దని అరటిచెట్టు లేదు. అలాంటి కారుకి నాగమణి పెద్ద ఇంజన్ ఎక్కించింది, టర్బో బిగించింది, వెనక సీట్లు పీకేసింది, నేర్పేవాళ్ళ కోసం ఎడమవైపు ఉండే క్లచ్చూ బ్రేకూ తీసేసింది. తాళం తిప్పితే షాపులో రేకులు అదిరాయి. ఎదుటి కొట్లో కాఫీ తాగుతున్నాయన గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికొచ్చేశాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"పందేనికండీ. పొరుగు రాష్ట్రంలో వాడకుండా వదిలేసిన రన్‌వే ఉందండీ, దాని మీద పెడతారు. నిలబడ్డ చోటు నించి తిన్నగా పావు మైలు. ఎవరు ముందెళ్తే వాళ్ళు."

"నీకెందుకమ్మా ఈ గొడవ?"

ఆవిడ కారు బానెట్టు మీద చెయ్యేసింది. "ఇన్నేళ్ళూ ఎడమ సీట్లోనే కూర్చున్నానండీ. స్టీరింగేమో వాళ్ళ చేతిలో, ప్రాణమేమో నా చేతిలో. 'మెల్లగా, మెల్లగా, కాలెత్తు, కాలెత్తు' అని అరిచి అరిచి గొంతు పోయింది. ఒక్కసారి కుడి సీట్లో కూర్చుని, కాలెత్తకుండా పోవాలండీ. ఒకే ఒక్కసారి. తర్వాత మళ్ళీ ఎడమ సీట్లోకే పోతాను, ఏడవను."

ఆ మాటకి నేను బానెట్టు ఎత్తి లోపలికి వంగాను. 

ఇక్కడ పని సంగతి చెప్పాలి. గేరు మార్చేటప్పుడు మామూలుగా ఏం చేస్తాం? ఎడమ కాలితో క్లచ్ తొక్కుతాం, అదే సమయంలో కుడి కాలు యాక్సిలరేటర్ మీంచి ఎత్తుతాం. గేరు పడ్డాక క్లచ్ వదిలి మళ్ళీ కుడి కాలు నొక్కుతాం. కుడి కాలు ఎత్తకపోతే, క్లచ్ తొక్కగానే మీద బరువు లేని ఇంజన్ పలుపు తెంచుకున్న గిత్తలా రంకె పెడుతుంది. ఆ రంకెలో గేరు వేస్తే గేరుబాక్సు పళ్ళు రాలిపోతాయి. అందుకని అందరం కాలు ఎత్తుతాం. పందెంలో మాత్రం ఆ ఎత్తి దించే రెప్పపాటులోనే పక్కవాడు దాటిపోతాడు.

దానికి విరుగుడు ఏమిటంటే, కుడి కాలు నేలకి అదిమి పెట్టి అలాగే ఉంచేస్తారు. బండి పరుగులో, కుడి కాలు అలా అదిమి ఉండగా క్లచ్ తొక్కితే, ఆ క్షణం మాత్రం ఇంజన్‌లో నిప్పురవ్వని కంప్యూటరు ఆపేస్తుంది; కుడి కాలు ఎత్తి ఉంటే ఆపదు. రంకె ఉండదు. గేరు వెన్నలా పడుతుంది. క్లచ్ వదలగానే నిప్పురవ్వ మళ్ళీ మొదలవుతుంది. మరి క్లచ్ తొక్కినట్టు కంప్యూటరుకి ఎవరు చెప్పాలి? పెడల్ దగ్గర పెట్టే వేలి గోరంత స్విచ్చు చెప్పాలి. నాగమణికి కావాల్సింది ఆ స్విచ్చు.

"ఇది సరిగ్గా చెప్పకపోతే గేరుబాక్సు పోతుందండీ. మూడు పాత బళ్ళలోంచి ఏరి ఏరి కట్టించిన గేరుబాక్సు. ఇది పోతే ఇంకోటి కట్టించలేను. పందెం మాట మర్చిపోవడమే" అంది.

నేను అప్పటిదాకా ఇలాంటి పని చెయ్యలేదు. ఆ మాటే చెప్పాను. "చెయ్యలేదని చెప్పేరు చూడండి, అందుకే మీ దగ్గరికొచ్చేను" అంది. ఆ రాత్రి నేను నిద్రపోయానని మా ఆవిడ అంటుంది గానీ, నేను నమ్మను.

వెంట్రుకవాసి స్విచ్చు

ఇంజన్ కంప్యూటరు సంగతి చూసింది కిరణ్. రాజోలు కుర్రాడు, హైదరాబాదులో ఇలాంటి బళ్ళకు కంప్యూటరు పని చేస్తాడు. కారు నడపడం నేర్చుకున్నది నాగమణి దగ్గరే, ఈ కారు మీదే. అందుకని ఆవిణ్ణి 'మేడమ్ గారూ' అంటాడు, నన్ను 'మావయ్య గారూ' అంటాడు. ల్యాప్‌టాప్ బానెట్టు మీద పెట్టుకుని పనిచేస్తుంటే చూడముచ్చటగా ఉండేది. మా తరంవాళ్ళం కొందరం ఈ కంప్యూటర్ కుర్రాళ్ళని చూసి మూతి ముడుచుకుంటాం. అది అసూయ తప్ప ఇంకేం కాదు. నాకు వాడి దగ్గర నేర్చుకోవడం మహా సరదాగా ఉండేది.

స్విచ్చుకి రెండే వైర్లు. ఒకటి కంప్యూటరుకి వెళ్ళాలి, రెండోది ఎర్త్‌కి. నేను అలవాటుగా పెడల్ పక్కనున్న బోల్టు గీకుతుంటే కిరణ్ ఆపాడు.

"బాడీకి వద్దండి మావయ్య గారూ. కంప్యూటరుకి సొంత ఎర్త్ వైరు ఉందండి, దానికే ఇచ్చేద్దాం. లేపోతే నిప్పురవ్వ పుట్టించే కాయిళ్ళ గోలంతా స్విచ్చు వైరు మీదికొచ్చేస్తదండి."

తిరిగొచ్చే దారి చూసుకోవాలని వాడికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సూర్నారాయణ గారు ఉంటే వాణ్ణి కూడా తిట్టేవారే గానీ, ఆ రాత్రి భోజనానికి పిలిచేవారు.

వైరుని స్పార్కు కాయిళ్ళకి దూరంగా, వేడి తగలకుండా, డాష్‌బోర్డు వెనక నించి లాగాను. అతుకుల్లేకుండా ఒకే ముక్క వేశాను. కుర్రాళ్ళకి ఒక మాట. వైర్లు మెలిపెట్టి పైన టేపు చుట్టేసి అయిపోయిందనేవాడు ఈ పనికి పనికిరాడు. మన ఉప్పు గాలికి ఆ టేపు కింద ఏడాది తిరక్కుండా ఆకుపచ్చ బూజు పడుతుంది. టంకం పెట్టి, మీద ట్యూబు వేడి చేసి బిగించండి.

అసలు చిక్కు స్విచ్చు ఎక్కడ పెట్టాలన్నది. పెడల్ పైకి పెడితే, తొక్కడం మొదలెట్టగానే నిప్పురవ్వ ఆగుతుంది. కిందికి పెడితే పెడల్ బాగా లోపలికి దిగాక గానీ ఆగదు, ఆ లోపల ఇంజన్ రంకె పెట్టేస్తుంది. నాకు గేరుబాక్సు మీద ప్రాణం. అందుకని ఒక ఇనప పట్టీ వంచి, అందులో పొడుగ్గా గాడి కోసి, స్విచ్చు పైకీ కిందికీ జరిగేలా బిగించాను. తర్వాత దాన్ని బాగా పైకి జరిపాను. పెడల్ వెంట్రుకవాసి కదిలితే చాలు, స్విచ్చు మాట్లాడాలి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

విజయవాడలో బండిని రోలర్ల మీద కట్టి, కదలకుండానే పరుగెత్తించే చోటు ఉంది. అక్కడికి తీసుకెళ్ళాం. నాగమణి కూర్చుంది. రెండో గేరు. కుడి కాలు నేలకి. ఇంజన్ గోల పైకి, పైకి, ఇంకా పైకి. ఎడమ కాలు క్లచ్ మీద పడింది.

టప్!

ఒక్క చప్పుడు. గోల తెగి మళ్ళీ అతుక్కుంది. మూడో గేరులో బండి రోలర్ల మీద ఊగిపోతోంది. కుడి కాలు ఉన్న చోటే ఉంది! నేను ఎగిరి గంతేశాను. అబద్ధం కాదు, ఆ వయసులో నిజంగానే గంతేశాను. కిరణ్ చప్పట్లు కొట్టాడు. రోలర్ల షెడ్డు ఆయన బయటికొచ్చి "ఈవిడ ఎవరండీ?" అని అడిగాడు. "కొత్తపేటలో డ్రైవింగు టీచరండీ" అంటే ఆయన మొహం చూడాలి.

మొదటి పరుగు

కారుని లారీ మీద ఎక్కించుకుని రన్‌వే దగ్గరికి వెళ్ళాం. నాగమణి ఆత్రేయపురం నించి పూతరేకుల డబ్బాలు తెచ్చింది. దారి కుదుపులకి సగం పొడైపోయాయి. ఆ పొడే అరచేతుల్లో పోసుకుని తిన్నాం. అక్కడ బండ్లు తనిఖీ చేసే కుర్రాళ్ళకీ పెట్టింది. వాళ్ళు ఆ పొరలు చూసి కాగితం ఒలవాలేమో అనుకున్నారు. వాళ్ళ ముఖాలు చూసి కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఆ రన్‌వే మీద గోల ఏం చెప్పను! ఒక్కో బండి లేస్తుంటే గుండెల్లో డప్పు కొట్టినట్టుండేది. రబ్బరు కాలిన వాసన, పెట్రోలు వాసన, ఎండ. జీవితంలో నేను విన్న ఇంజన్లన్నీ జబ్బుతో మూలిగేవే. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్లు ఇన్ని ఒక్కచోట అరవడం వినడం అదే మొదలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, జాతరలో చిన్నపిల్లాడిలా తిరిగాను.

ఒక్కొక్క బండికి రెండు పరుగులు. రెంటిలో మెరుగైనది లెక్క.

నాగమణి హెల్మెట్ పెట్టుకుని కారుతో వరసలో నిలబడింది. తనిఖీ కుర్రాడొకడు వచ్చి ఏదో చెప్పాడు, ఆవిడ తలూపింది. దూరం నించి నాకు వినపడలేదు. తర్వాత పచ్చ దీపం వెలిగింది.

కారు లేచింది. లేచి, పది బారలు పోయేసరికి గొంతు పట్టేసినట్టయింది. డబ్, డబ్, డబ్ డబ్ డబ్! వెనక గొట్టంలోంచి టపాకాయల్లాంటి చప్పుళ్ళు, కారు మాత్రం ముందుకు పోదు. పక్క బండి గీత దాటేసింది. నాగమణి కుడి కాలు ఎత్తితే గానీ కారు కదల్లేదు. ఎత్తింది. కాలెత్తకుండా పోవాలని ఇంత చేసిన మనిషి, కాలెత్తి, అందరూ చూస్తుండగా మెల్లగా వెళ్ళి వచ్చింది.

వెనక్కొచ్చాక హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఏమైందండీ బాబాయ్ గారూ?" అంది. అంతే. అరిచినా బాగుండేది.

కిరణ్ ల్యాప్‌టాప్ తగిలించి పరుగు తాలూకు గ్రాఫు గీతలు తీశాడు. "మావయ్య గారూ, క్లచ్ స్విచ్చు పరుగంతా ఆన్‌లోనే ఉందండి. క్లచ్ తొక్కే ఉందనుకుని కంప్యూటరు నిప్పు ఆపేసింది. వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నట్టుంది చూడండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా వైరు ఎక్కడా తగలదు! నీ పెట్టె చూసుకో ముందు!" అన్నాను. తర్వాత కరెంటు దారి కలిస్తే కూతపెట్టే మీటరు తీసుకుని డాష్‌బోర్డు కింద దూరాను. వైరు మొత్తం చూశాను. చేత్తో పెడల్ నొక్కితే మీటరు కూస్తోంది, వదిలితే ఆగుతోంది. ఎన్నిసార్లు చూసినా అంతే. వైరు శుభ్రం. వాడూ తన పెట్టె మళ్ళీ చూసుకున్నాడు. అదీ శుభ్రమే. రెండో పరుగుకి పిలుపు దగ్గరికొస్తోంది.

గుమ్మం ముందు బూట్లు

"అమ్మాయ్, ఓసారి కూర్చుని ఇందాకటిలాగే చెయ్యి" అన్నాను.

నాగమణి వచ్చింది. తలుపు తీసింది. కూర్చుని పెడల్ తొక్కింది. మీటరు కూసింది. కాలు తీసింది. ఆగింది. మళ్ళీ తొక్కింది, తీసింది. అంతా సవ్యంగా ఉంది. నేను విసుగ్గా డాష్‌బోర్డు కింద నించి బయటికి పాకాను. అప్పుడు కనపడ్డాయి. కారు తలుపు పక్కన, నేల మీద, ఎవరింటికో వచ్చినట్టు చక్కగా జంటగా విడిచిపెట్టిన బూట్లు.

మా వైపు డ్రైవర్లలో చాలామంది చెప్పులతో బండి ఎక్కరు. అన్నం పెట్టే బండి, చెప్పులు బయటే. నేనూ అంతే, నాగమణీ అంతే. స్కూల్లో నేర్చుకునే పిల్లలకి కూడా ముందు చెప్పులు విప్పడం నేర్పేది. షాపులో నేను స్విచ్చు బిగిస్తుంటే ఆవిడ పెడల్ తొక్కి చూపించింది ఉత్తికాళ్ళతో. విజయవాడలో రోలర్లెక్కింది ఉత్తికాళ్ళతో.

"తల్లీ, ఇందాక పరుగులో బూట్లు వేసుకున్నావా?"

"ఆయ్. ఆ కుర్రాడొచ్చి బూట్లు లేకపోతే పంపనన్నాడు కదండీ. వేసుకున్నాను. దిగ్గానే విప్పేసేను."

"మళ్ళీ వేసుకో!"

వేసుకుంది. కూర్చుంది. "మామూలుగా తోలేటప్పుడు ఎడమ కాలు ఎక్కడ పెడతావో అక్కడ పెట్టు. తొక్కొద్దు."

పెట్టింది. మీటరు కూయడం మొదలెట్టింది. ఆగలేదు.

కిరణ్ "ఓర్నాయనో" అని నేల మీద కూలబడ్డాడు.

ఇన్నేళ్ళు ఎడమ సీట్లో కూర్చున్న మనిషి. కుర్రాడు క్లచ్ వదలడం తప్పితే, బండి గోదావరి కాలవలోకి పోకుండా తన క్లచ్ తొక్కాల్సిన మనిషి. ఆ కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉంటుంది, తొక్కకుండా, తగిలీ తగలనట్టుగా. ఉత్తికాలికి పెడల్ తెలుస్తుంది కాబట్టి బరువు వెయ్యదు. అంత మందం అడుగున్న బూటులో ఏం తెలుస్తుంది? తగిలించాననుకుంటుంది, నొక్కేస్తుంది. నా వెంట్రుకవాసి స్విచ్చుకి అది చాలు.

"కాలు పక్కన పెట్టి తోలెయ్యండి మేడమ్ గారూ" అన్నాడు కిరణ్.

"పెడతాన్రా. గీత మీద నిలబడ్డాక నా మాట అది వింటుందా?" అంది నాగమణి. నిజమే. పదహారేళ్ళ అలవాటుని ఒక గంటలో ఎవరూ మాన్పించలేరు. మనిషిని బండికి తగ్గట్టు మార్చే టైము లేదు. బండినే మనిషికి తగ్గట్టు మార్చాలి.

అంటే స్విచ్చు కిందికి దించాలి. ఎంత దించాలి? తక్కువ దించితే మళ్ళీ టపాకాయలు. ఎక్కువ దించితే నిప్పు ఆగడం ఆలస్యమవుతుంది, ఆ రంకెలో గేరు పడితే గేరుబాక్సు చెల్లాచెదురు. రోలర్ల మీద చూసుకునే వీల్లేదు. ఒక్కటే పరుగు, అదే పరీక్ష.

"దించెయ్యండి బాబాయ్ గారూ" అంది నాగమణి. "పోతే నా గేరుబాక్సు పోతది. కాలెత్తి ఇంటికెళ్ళడం మాత్రం నా వల్ల కాదండి."

ఆవిణ్ణి బూట్లతోనే కూర్చోబెట్టాను. ఇంజన్ స్టార్టు చేసి, మొదటి గేరులో, క్లచ్ మెల్లగా తొక్కమన్నాను. కారు ఎక్కడ లాగడం మానేస్తోందో ఆ చోటు నా వేళ్ళతో పెడల్ మీద పట్టుకుని చూశాను. ఆ చోటికి కాస్త ముందు మీటరు కూసేలా స్విచ్చుని గాడిలో జరిపి బిగించాను. కాలు ఆనించమన్నాను. మీటరు నోరు మూసుకుంది. తొక్కమన్నాను. కూసింది. కిరణ్ ల్యాప్‌టాప్‌లో చూసి తలూపాడు. నట్టు మీద ఇంకో నట్టు వేసి బిగించాను.

కుర్రాళ్ళూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. బండి ఎవరు తోలుతారో వాళ్ళ కాళ్ళూ చేతులూ చూడకుండా, తోలేటప్పుడు వాళ్ళ కాళ్ళకేముంటుందో అడక్కుండా స్విచ్చు బిగించకండి. మీటరు ముందు మనం ఒకలా తొక్కుతాం, ప్రాణం మీదికొచ్చినప్పుడు వాళ్ళు ఇంకోలా తొక్కుతారు. ఇంకోటి. ఇది పందేల విద్య. నడిరోడ్డు మీద చేసి చూపిస్తానని ఎవడైనా వస్తే స్క్రూ డ్రైవరు కింద పెట్టి ఇంటికి పంపండి.

రెండో పరుగు

నాగమణి గీత దగ్గరికి వెళ్ళింది. నేనూ కిరణూ ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాం. నా చేతులకి గ్రీజు, చొక్కాకి గ్రీజు. గుండె మాత్రం పద్దెనిమిదేళ్ళవాడిది. పచ్చ దీపం వెలిగే ముందు కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నాకు చూపు మీద కంటే చెవి మీద నమ్మకం ఎక్కువ.

లేచింది! టైర్లు కీచుమన్నాయి. గొంతు పట్టలేదు. ఒకటో గేరు ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఇక చాలు, ఇప్పుడు, ఇప్పుడు మార్చాలి తల్లీ...

టప్!

రెండో గేరు. రంకె లేదు. పళ్ళ చప్పుడు లేదు. కిరణ్ నా భుజం నొక్కేస్తున్నాడు. గోల మళ్ళీ పైకి లేస్తోంది, ఆ పాత కారు, అరటిచెట్లు గుద్దిన కారు, గొంతెత్తి పాడుతోంది!

టప్!

మూడు. దూరమైపోతోంది. కంచె మీదికి వంగాను. ఇంకొక్కటి ఉంది, అన్నిటికన్నా జోరు మీద పడే గేరు అదే. పోతే ఇక్కడే పోతుంది. గాలి ఎదురొస్తోంది, సరిగ్గా వినపడ్డంలేదు...

టప్!

వినపడింది. చిన్నగా, శుభ్రంగా. నాలుగో గేరులో ఆ చప్పుడు చివరిదాకా ఎక్కడా తెగకుండా సాగిపోయింది.

కళ్ళు తెరిచి పరుగెత్తాను. కిరణ్ నా కంటే ముందు పరుగెత్తాడు. బండ్లు తిరిగొచ్చే పక్క రోడ్డు మీదికొచ్చి నాగమణి కారు ఆపేసింది. హెల్మెట్ తీసింది. మొహమంతా చెమట.

"టైమెంతండీ?" అంది.

నేను కిరణ్ వైపు చూశాను. కిరణ్ నా వైపు చూశాడు. అవతల ఇంటి గోడంత బోర్డు పెట్టి, ఏనుగంత అంకెలు వేశారు. ఇద్దరిలో ఒక్కరం కూడా చూడలేదు.

"నేను కళ్ళు మూసుకున్నానమ్మా. విన్నాను."

"నేను మావయ్య గారి మొహం చూస్తున్నానండి మేడమ్ గారూ" అన్నాడు కిరణ్.

నాగమణి నా చెయ్యి పట్టుకుంది. "మూడూ వినపడ్డాయా అండీ?"

"మూడూ వినపడ్డాయి తల్లీ."

"కాలెత్తలేదండీ బాబాయ్ గారూ. ఒక్కసారి కూడా ఎత్తలేదండీ." అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అంత ఆనందం నా షాపులో ఒక్కనాడూ ఎరగను.

ఇంతలో చేతిలో ఎర్ర జెండా పట్టుకుని ఒకాయన వచ్చాడు. "అమ్మా, ఇక్కడ ఆపకూడదు, వెనక బండ్లొస్తున్నాయి, తియ్యండి, తియ్యండి" అని తొందరపెట్టాడు. నాగమణి కళ్ళు తుడుచుకుని, తాళం తిప్పి, గేరేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. కారు ముందుకు ఒక్క గెంతు గెంతి, దగ్గి, ఆగిపోయింది. మొదటిరోజు క్లాసుకొచ్చిన వాళ్ళు ఆపినట్టు!

వెనక హారన్లు మోగుతున్నాయి. జెండా ఆయన తల పట్టుకున్నాడు. నేను కంగారుగా కిటికీలోంచి పెడల్ వైపు వంగితే నాగమణి పగలబడి నవ్వుతూ నన్ను వెనక్కి తోసింది.

"ఆయ్, మీరు చూడకండి బాబాయ్ గారూ! ఇది మీ స్విచ్చు కాదండీ, నా కాలే!"